కొమ్ములొచ్చిన కుందేలు

ఆ ఏడు బాన్సువాడకు వరదలేమీ రాలేదు. అయినా మా ఇంట్లో ఒక ఏనుగు, రెండు చిలకలు, ఒక జింక, ఒక కుందేలు నీట మునిగాయి. ముంచింది నేనే. అప్పటికి కొత్త కోడలిని కాబట్టి, నా తెలివి మీద అత్తగారింట్లో ఇంకా ఎవరికీ అనుమానం రాలేదు.

మా అత్తమ్మ సాయవ్వకు ముందు గదిలో ఒక అద్దాల అల్మారా ఉంది. దాన్నిండా తేలిక కర్రతో చేసి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు మెత్తి రంగులేసిన జంతువుల బొమ్మలు. తనను కూడా అంత ముద్దుగా పెంచలేదని మా ఆయన ఇప్పటికీ అలుగుతాడు. వాటిలో కుందేలంటే ఆమెకు ప్రాణం. చిన్ననాటి స్నేహితురాలు జైనబ్, నిఖా అయి మద్నూర్ వెళ్లిపోతూ ఇచ్చిన గుర్తు అది.

ఇన్నేళ్లకు ఆ జైనబ్ చిన్నమ్మ చూడ్డానికొస్తోందని కబురు వచ్చింది. ఆమెను తీసుకురావడానికి బస్టాండుకు బయల్దేరుతూ అత్తమ్మ, "బొమ్మల మీద దుమ్ము బాగున్నది బిడ్డా, జర తుడిచిపెట్టు" అంది.

తుడవమంది. కడగమనలేదు. ఈ తేడా మీకు వెంటనే తెలిసింది, నాకు తెలియలేదు. ఫోన్లో వెతికితే ఎవరో దొరసాని ఒక పింగాణీ పిల్లిని సబ్బునీళ్లలో ముంచి తీస్తోంది. ఆమె మాటలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ పిల్లి పెళ్లికూతురిలా మెరిసింది. ఇంకేం, బకెట్లో సర్ఫ్ కలిపి, కాసేపు నానితే మురికి వదులుతుందని మా అడవినంతా అందులో దింపి, పప్పు పొయ్యి మీద పెట్టడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి నీళ్లు గులాబీ షర్బత్‌లా ఉన్నాయి. ఎంత మురికి పోయిందోనని మురిసిపోయాను కూడా. చెయ్యి పెట్టి తీస్తే చిలకలు ఒలిచిన ఆలుగడ్డల్లా వచ్చాయి. ఏనుగు తొండాన్ని బకెట్లోనే వదిలేసి వచ్చింది. మిగిలిన రెండు ముద్దల్లో ఏది జింకో, ఏది కుందేలో చేసినవాడు కూడా చెప్పలేడు. జింక కొమ్ములు మాత్రం నురగ మీద తేలుతున్నాయి.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఇగో, జింక ఎట్లుంటది?"

"నాలుగు కాళ్లుంటయి. ఏమైంది?"

"మరి కుందేలుకు?"

"దానికి గూడ నాలుగే. నువ్వు మంచిగనే ఉన్నవా? దవాఖానకు పోదామా?"

ఫోన్ పెట్టేసి, కాస్త నిటారుగా ఉన్న ముద్దను జింకగా ఖరారు చేసి, దానికి కొమ్ములు అతికించాను. అల్మారా తలుపు వేస్తుండగానే వాకిట్లో ఆటో ఆగింది.

జైనబ్ చిన్నమ్మ కూర్చోనైనా కూర్చోకుండా అల్మారా దగ్గరికి నడిచింది. "సాయక్కా, నేనిచ్చిన కుందేలు ఏది?"

అత్తమ్మ బొమ్మల వైపు చూసింది. తర్వాత తడి కొంగుతో గోడకు అతుక్కుపోయిన నన్ను చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక పుట్టింటికి బట్టలు సర్దుకోవడమే అనుకున్నాను.

"గదే, కొమ్ములున్నది" అంది మెల్లగా.

"కుందేలుకు కొమ్ములేంది అక్కా?"

"నువ్విచ్చినప్పుడు పసిది జైనబ్. ఇన్నేండ్లాయె, పెద్దగ గాదా?"

అంతే, ఇద్దరూ నేల మీద కూలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చిన్నపిల్లల్లా నవ్వారు. నేను మాత్రం ఏడుపు అందుకున్నాను. చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఫికర్ జేయకు బిడ్డా. నన్ను యాది చేసుకోనీకి ఇచ్చిన బొమ్మ అది. నేనే వచ్చిన, ఇగ బొమ్మతోని ఏం పని?"

సాయంత్రం అత్తమ్మ నాకు పాఠం చెప్పింది. కింద మెత్తటి తువ్వాలు పరిచి, బొమ్మను నడుం దగ్గర పట్టుకుని, పొడి కుంచెతో దుమ్ము రాల్చాలి. నీటి చుక్క తగలకూడదు. ఏళ్లు గడిచాయి, ఇప్పుడు వాళ్లిద్దరికీ ప్రయాణాలు చేతకావడం లేదు. ఫోన్లో చిన్నమ్మ ముందుగా అడిగేది, "కుందేలు మంచిగున్నదా?" అని.

నేను ఆ రోజే అల్మారా ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఏ బొమ్మనూ నీళ్లలో ముంచనని. అది ఎంత గట్టి ఒట్టంటే, వినాయక నిమజ్జనానికి అందరూ నీళ్లలోకి దిగినా నేను గట్టు మీదే చేతులు కట్టుకుని నిలబడతాను.