గూడబాతుల గూళ్ళు లెక్కపెట్టి వచ్చాను

ఈ రోజు దొరవారిసత్రం దగ్గరి చెరువులో గూడబాతుల గూళ్ళు లెక్కపెట్టాను. ఈ పక్షులు ఏటేటా తగ్గిపోతున్నాయని మా ఆఫీసు నన్ను పంపింది. గూళ్ళు నీళ్ళలోని చెట్ల మీద ఉన్నాయి; గట్టు మీద నుంచి చూస్తే కొమ్మలు అడ్డం వచ్చాయి. లెక్క కచ్చితంగా ఉండాలని తెప్ప అడిగాను. చెరువు కింద పొలమున్న చెంగయ్య అడ్డుపడ్డాడు. ఆ పక్షుల రెట్ట కలిసిన నీళ్ళే వాళ్ళ పైరుకు ఎరువు.

"పొదిగే నాళ్ళలో మేం గొడ్లను గూడా ఆ పక్కకి తోలం. లోపలికి పోబాకండి సార్."

"వాటి మేలు కోరే గదయ్యా వచ్చింది!" అని విసుక్కుని, నేనే తెప్ప తోసుకుంటూ చెట్ల కిందికి వెళ్ళాను.

పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నేను తలెత్తి గూళ్ళు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. అవి తిరిగి వాలేలోపే కాకులు దిగాయి. గుడ్డు సొన వచ్చి నోటుబుక్కు మీద పడేదాకా నాకు సంగతి తెలియలేదు.

ఒడ్డుకు వచ్చాక చెంగయ్య తిట్టలేదు. "గుడ్లుండే గూళ్ళు ఎన్ని ఉండాయి సార్?" అన్నాడు. చెప్పాను.

"అది మీరు పోయినప్పటి లెక్కా, వచ్చినప్పటి లెక్కా?"

బసకు వచ్చి, కార్బన్ పెట్టి ఆఫీసు కాగితం నింపాను. అందులో గుడ్ల నష్టానికి కారణం రాయమని ఒక గడి ఉంది. "కాకులు" అని రాశాను.

అబద్ధమైతే కాదు. మీరైతే ఏం రాసేవాళ్ళో చెప్పండి. కవరు ఇంకా అంటించలేదు.