పైడమ్మ పొయ్యి

ఇన్నేళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని మోస్తున్నాను. మోస్తూనే వండాను, వార్చాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, మొగుణ్ణి సాగనంపాను. ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. చదివి ఊరుకుంటారో, మా వాళ్ళలో ఎవరి చెవినైనా వేస్తారో, ఆ అనుమానం కూడా లేకపోలేదు. అందుకే నా పేరు రాయడం లేదు.

ఇది ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో రాస్తే మా వీధిలో అందరికీ అర్థమవుతుంది. ఈ తెలుగు నేను చిన్నప్పుడు గుడి పక్క సాయంకాలం బడిలో నేర్చుకున్నది. మా ఊళ్ళో దీన్ని చదవగలిగేవాళ్ళు తక్కువ. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా దాక్కునే చోటు చూసుకున్నాను. నా బుద్ధి అలాంటిది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వుతున్నారా అని ఆలోచిస్తాను.

మాది ఈ చెరకు తోటల దీవిలో బాన్ అక్యూయ్ అనే ఊరు. ఒకే వాకిట్లో రెండు గుడిసెలు. ఒకటి మాది, ఒకటి మా మరిదిది. అన్నదమ్ములిద్దరూ ఒకే చెరకు తోటలో పని. మరిది భార్య పైడమ్మ. పెళ్ళై వచ్చిన కొత్తలోనే మేం వేరు కుంపట్లు పెట్టుకున్నాం. గొడవలేమీ లేవు. నాకు కారం ఎక్కువ కావాలి, ఆమెకు చింతపండు ఎక్కువ కావాలి, అంతే. పైడమ్మ నన్ను అక్కా అనే పిలిచేది. నేనూ చెల్లెల్లాగే చూశాననుకుంటున్నాను. చూశానా? ఏమో.

ఆ పెద్ద తుఫాను వచ్చి రెండు గుడిసెల్నీ నేలమట్టం చేసింది. మట్టిలోంచి రేకులు ఏరుకుని, గోనెపట్టాలు కట్టి, మళ్ళీ రెండు గూళ్ళు నిలబెట్టుకున్నాం. అప్పుడు ప్రభుత్వం వాళ్ళు సిమెంటు ఇళ్ళు కట్టిస్తున్నారని తెలిసింది. మా వాళ్ళు ఆ కాలనీని సితే అనేవాళ్ళు. తుఫానుకు కదలని గోడలు, పైన కురవని కప్పు. మా ఆయనా మరిదీ చెరో ఇంటికి పేరు రాయించుకున్నారు.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది ఆఫీసు చుట్టూ తిరగడం. మేం దాన్ని బిరో అనేవాళ్ళం. మగవాళ్ళు పని మానుకుంటే కూలి పోతుంది కాబట్టి, తిరిగేది ఆడవాళ్ళమే. అక్కడ ఒక కిటికీ, దాని వెనక ఒక గుమస్తా. సన్నగా, తెల్ల చొక్కా వేసుకుని ఉండేవాడు. తల ఎత్తేవాడు కాడు. మనం మాట మొదలుపెట్టేలోపే "రెవినీ దిమే" అనేవాడు, రేపు రా అని. రేపు వెళ్తే దొర లేడు. ఎల్లుండి వెళ్తే కాగితాలు పైకి వెళ్ళాయి. పైకి అంటే ఎక్కడికి? ఆ భవనానికి పైన అంతస్తే లేదు! అడిగితే కిటికీ తలుపు వేసేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి ఆ తలుపు మీద అరచేత్తో బాదాను కూడా. లోపల ఎవరో నవ్వారు.

ఎవరూ ఏమీ చెప్పని చోట అందరూ అన్నీ చెప్తారు. వరసలో నిలబడ్డవాళ్ళే మాకు గెజిట్టు. తెల్లతోలు వాళ్ళ సిఫారసు ఉంటేనే ఇస్తారని ఒకామె. ఓటుకు లెక్కగట్టి ఇస్తున్నారని ఇంకొకామె. ట్రియోలే ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం నా చెవి దగ్గరకు వంగి, వాకిటికి ఒక్క ఇల్లే ఇస్తారట, అన్నదమ్ములుంటే ముందు పట్టినవాడిదే అని చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో నేను అడగలేదు. ఆ మాట మాత్రం ముల్లులా దిగబడిపోయింది. ఇంటికొచ్చి పైడమ్మను చూశాను. అన్నం వారుస్తోంది. ఈమెకు ఈ సంగతి తెలుసా అనుకున్నాను. తెలిసే ఇంత నెమ్మదిగా ఉందా?

ఆ రోజుల్లోనే పైడమ్మ పిల్లాడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. మీకు తెలిసే ఉంటుంది, మా ఇళ్ళల్లో అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యరు, పోపు వెయ్యరు. పిల్లాడికి నీళ్ళు పోసేదాకా గుమ్మానికి వేపమండలు, లోపల చల్లటి అన్నం, మజ్జిగ. ఆ అన్నం నా పొయ్యి మీద వండి నేనే ఇచ్చేదాన్ని. బయటివాళ్ళకు మాత్రం చెప్పకూడదనుకున్నాం. ఆరోగ్యశాఖ వాళ్ళకు తెలిస్తే పిల్లాణ్ణి బండెక్కించి ఆసుపత్రిలో పెట్టేస్తారని మా అందరికీ భయం. అందుకే వేపమండల్ని కూడా లోపలివైపు, గోనె తెర వెనక కట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే పైడమ్మ వచ్చి, గుడికెళ్ళి పసుపునీళ్ళు తెచ్చుకుంటానక్కా, పిల్లాణ్ణి చూస్తుండు అంది. మా మరిదికి ఆ రోజు పని లేదు, ఇంట్లోనే ఉన్నాడు. అందుకని ఆమె అటు వెళ్ళగానే పిల్లాణ్ణి అతనికి అప్పజెప్పి నేను బిరోకు బయల్దేరాను. ఆమెకు చెప్పకుండానే. ఎందుకు చెప్పలేదు? ముందు పట్టినవాడిదే కదా ఇల్లు!

వెళ్ళి చూద్దును కదా, కిటికీ దగ్గర పైడమ్మ. నేను రోడ్డవతలే ఆగిపోయాను. గుమస్తా తల ఎత్తి ఉన్నాడు. నాకెప్పుడూ ఎత్తని తల! ఆమె చేతులు జోడించి ఏదో అంటోంది. వాడు తల ఊపుతున్నాడు. అవును అవును అన్నట్టు.  నేను వరసలో కూడా నిలబడలేదు. వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను. ఆమె సాయంత్రానికి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చింది. గుడికి కూడా వెళ్ళిందన్నమాట. బిరో మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ పూట కూడా ఆమెకు అన్నం పెట్టాను. గిన్నె అందిస్తూ, ఎంత నంగనాచివే అని లోపల తిట్టుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే బిరో నుంచి ఇళ్ళ విచారణకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మగవాళ్ళు తోటలో ఉన్నారు. ఇద్దరాడవాళ్ళం, తెర వెనక పిల్లాడు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, వాకిలంతా ఒకసారి చూసి, "కొంబియే ఫామీ ఇసీ?" అన్నాడు. ఇక్కడ ఎన్ని కుటుంబాలు అని.

"రెండు, మిస్యే," అంది పైడమ్మ వెంటనే. "అక్కవాళ్ళు వేరు, మేం వేరు."

"పొయ్యి వేరైతేనే కుటుంబం వేరు. నీ పొయ్యేదీ?"

చూపించింది. మూడు రాళ్ళ మధ్య, చల్లటి బూడిదలో, మా కోడిపెట్ట పొదిగినట్టు కూర్చుని ఉంది. ఆయన బూటుతో బూడిద కదిపాడు. కోడి అరుచుకుంటూ లేచిపోయింది. ఆయనకు నవ్వొచ్చింది.

"కోడిని వండుకుంటారా, కోడికి వండి పెడతారా? ఇందులో నిప్పు పెట్టి ఎన్నాళ్ళైంది?"

పైడమ్మ నోరు తెరిచింది. కళ్ళు తెర వైపు వెళ్ళాయి. నోరు మూసుకుంది. మళ్ళీ నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడే తెలుసు. అక్కా, ఏదో ఒకటి చెప్పు అని. చెప్పడానికి ఎన్ని లేవు? కట్టెలు తడిశాయనొచ్చు. ఈ రోజు ఉపవాసమనొచ్చు. బియ్యం నిండుకున్నాయి, నేనే పెట్టాననొచ్చు. అబద్ధాలకేం, నాకు నోట్లో నాలుకుంది.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు పెద్దదానివి. నువ్వు చెప్పు. వీళ్ళకు వండేదెవరు?"

"నేనే, మిస్యే," అన్నాను. "మాదంతా ఒకటే పొయ్యి."

అంతే. ఒక్క మాట. మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. నిజాన్ని ముందు పెట్టి అబద్ధాన్ని దాని వెనక తోలాను. ఆయన ఏదో గీసుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పైడమ్మ నన్నేమీ అనలేదు. లోపలికి పోయి పిల్లాడికి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టకపోతే, చూశావా, తప్పు తనదే కాబట్టి నోరెత్తడం లేదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇల్లు వచ్చింది. ఒక్కటే. పెద్దవాడి పేరున, మా ఆయన పేరున. మరిది బిరోకు వెళ్ళి అడిగితే, గుమస్తా తల ఎత్తకుండానే, మీది ఒకే కుటుంబమని విచారణలో తేలింది అన్నాడట. ఎవరు తేల్చారంటే కిటికీ మూసేశాడట. ఆ బిరో వాళ్ళ మీద నాకున్న కోపమంతా ఆ పూట కృతజ్ఞత అయిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, కిటికీ మూసినందుకు ఆ దరిద్రుడికి మనసులోనే దండం పెట్టాను.

మరిదికి అనుమానం ఎవరి మీద పోయిందో ఊహించగలరా? అన్న మీద. నేనన్న మాట పైడమ్మ అతనికి చెప్పలేదన్నమాట. అన్న బిరోలో ఎవరినో పట్టుకుని తన ఇల్లు మింగేశాడని నలుగురిలో అన్నాడు. రామభజనంలో ఇద్దరూ దీపం చుట్టూ పక్కపక్కనే ఆడేవాళ్ళు. ఆ ఏడాది నుంచి మరిది ఆ గుడికి రావడం మానేశాడు. మా ఆయన కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. "ఏమే, ఆ రోజు ఇన్‌స్పెక్టరు ఏమడిగాడే?" అన్నాడు ఒకసారి. "పొయ్యి చూసి పోయాడు" అన్నాను. ఆయన నమ్మాడు. నన్ను నమ్మడం ఆయనకు అలవాటు.

వాళ్ళు ఆ రేకుల కిందే ఉండిపోయారు. తుఫాను హెచ్చరిక జెండా ఎగిరినప్పుడల్లా పిల్లల్ని, మూటల్ని ఎత్తుకుని బడికి పరిగెత్తేవాళ్ళు. నేను నా సిమెంటు ఇంట్లో తలుపులు బిగించుకుని కూర్చునేదాన్ని. గాలి కప్పు మీద కొట్టినప్పుడల్లా పైడమ్మ రేకులు గుర్తొచ్చేవి. రమ్మని కబురు పంపలేదు. వస్తే ఏమడుగుతుందోనని.

ఆమె ఒక్కసారి వచ్చింది. స్వతంత్రం వస్తోందని వీధులన్నీ కొత్త జెండాల మాటలతో హోరెత్తుతున్న రోజులు. గుమ్మం ఎక్కలేదు. అరుగు మీద కూర్చుంది. జుట్టు నెరిసింది.

"అక్కా, బిరోలో పాత కేసులు మళ్ళీ చూస్తున్నారంట. అప్పుడు మా పొయ్యి వేరేనని ఆ వాకిట్లో ఉన్నవాళ్ళు ఒకరొచ్చి చెప్తే చాలంట. నువ్వొచ్చి చెప్తావా?"

 ఇది నాకు పన్నిన వలా? నేను వెళ్ళి వేరే అంటే, మరి అప్పుడు ఒకటే అని ఎందుకన్నావని అడగరా? నా ఇల్లు లాగేసుకోరా? మరిది వచ్చి మా ఆయన ముందు నిలబడడా? ఆమె నా మొహం చూస్తూ, తనంతట తానే చెప్పుకుపోయింది.

"పసుపునీళ్ళకు పోయిన రోజు నేను కిటికీ దగ్గరికి ఒక్కదాన్నే పోయి బతిమాలాను, అక్కా. పిల్లాడికి నీళ్ళు పోసేదాకా ఇన్‌స్పెక్టరును పంపొద్దని. పిల్లాడి సంగతి చెప్పలేదు, ఊరికే నాలుగు రోజులాగమన్నాను. వాడు సరే సరే అని తలూపాడు. అయినా పంపాడు. నీకు చెప్తే, ఆలస్యమైతే మన రెండిళ్ళూ పోతాయని తిడతావని చెప్పలేదు."

నిజమే, తిట్టేదాన్ని. ఆ తల ఊపు సంగతి ఇదా! నేను ఇన్నేళ్ళూ పట్టుకుని వేలాడిన సాక్ష్యం ఇదా! వాడు ఆమెను వదిలించుకోవడానికి తల ఊపాడు, నేను దాన్ని చూసి ఆమె ఇల్లు కూల్చాను. కాళ్ళ మీద పడాల్సిన సమయం అదే. పడలేదు. మీరు నమ్ముతారా, అప్పుడు కూడా నా లోపల ఒక గొంతు, ఇది నిజమేనా, నిన్ను మెత్తబరచడానికి అల్లిందా అంది.

"నాకు జ్ఞాపకం లేదే పైడమ్మా," అన్నాను. "పాత సంగతులు."

 ఆమె మంచినీళ్ళు అడిగి తాగింది. గ్లాసు బోర్లించి పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఆ వాకిలి ఖాళీ చేసి పుట్టింటి ఊరికి వెళ్ళిపోయారని విన్నాను. జెండా మారింది. కిటికీ మారలేదు, గుమస్తా వయసు మాత్రం పెరిగింది. వాడిని తిట్టడం నేను మానేశాను. నేను చేసినదీ వాడి పనే కదా. తెలిసి చెప్పకపోవడం, అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం.

మా ఆయన పోయినప్పుడు మరిదికి కబురు పంపాం. రాలేదు. పాడె లేచేదాకా నేను వీధి వైపే చూస్తున్నాను. వస్తే ఆ నలుగురిలోనే చెప్పేద్దామనుకున్నాను. వస్తాడేమోనని భయపడ్డాను కూడా. ఈ రెండింట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన వాళ్ళు మీరు కాదు, వాళ్ళలో బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరైనా మా మరిది వాళ్ళకు చుట్టాలైతే, ఇది చదివి ఎవరి కథో పోల్చుకుంటే, వెళ్ళి చెప్పండి. మొదట చెప్పొద్దనుకున్నాను, ఇప్పుడు చెప్పమంటున్నాను. నన్ను ఏమన్నా అననివ్వండి. ఒక్కటి మాత్రం అతనికి అర్థమయ్యేలా చెప్పండి. అన్న ఎవరినీ పట్టుకోలేదు, ఎవరి ఇల్లూ మింగలేదు. ఆయనకు చచ్చేదాకా ఏమీ తెలియదు. ఒకటే పొయ్యి అన్నది వదిన.