బదులు పలకని గోడ

సున్నపాయన ఆ కోటగోడకు పదకొండేళ్లుగా సున్నం వేస్తున్నాడు. ఎక్కడ బీటలున్నాయో, ఎక్కడ లోపల బోలుగా ఉందో వేలి కణుపుతో తట్టి చెప్పేవాడు. ఆ గోడ మాత్రం ఆయన గొంతుకు ఒక్కసారీ బదులివ్వలేదు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లెవరికీ ఇవ్వదు. దూరం వల్లనేమో అని ఆయన అడుగులు కొలిచి మరీ చూశాడు. కావలివాడు దగ్గితే తిరిగి వినిపించే చోటునుంచే తాను కేకేస్తే ఏమీ లేదు.

అలా వచ్చినవాళ్లకు ఇక్కడే పుట్టిన పిల్లలకు ఒక అవకాశం ఉంది. ఏడేళ్లు నిండాక గోడ ముందు నిలబడి ఒక్కసారి కేకేయాలి. తిరిగి పలికితే కోటలోపల ఇల్లు, బడి. పలకకపోతే బతికినన్నాళ్లూ బయటి గుడిసెలే. రెండోసారి లేదు.

ఆయన కూతురికి ఏడు నిండాయి.

"మా మనవడికి పలికింది, మీ పిల్లకెందుకు పలకదు?" అంది పక్క గుడిసె కుండలవ్వ. "వాడు పుట్టినప్పటినుంచీ గాడిదలా ఓండ్రపెట్టేవాడులే. గోడ భరించలేక ఒప్పుకుంది."

సున్నపాయన భార్య నవ్వలేదు. ఆమె కోటలోపలి ఇళ్లలో బట్టలు ఉతుకుతుంది. వెంట తీసుకెళ్లే పిల్లకు నడక రాకముందే నేర్పింది ఒకటే: నోరు పెగలకూడదు. ఏడ్చినా కొంగులోనే, నవ్వినా అరచేతిలోనే. "మీ పిల్ల బంగారం, ఉన్నట్టే తెలియదు" అని ఆ ఇళ్లవాళ్లు అంటే పొంగిపోయేది.

నెలరోజులు తండ్రి పిల్లను సున్నపుబట్టీ అవతలికి తీసుకెళ్లాడు.

"గట్టిగా అరువు తల్లీ."

"ఎవరైనా వింటారు నాన్నా."

"వినాలనే."

పిల్ల నోరు తెరిచేది. ఊపిరి వచ్చేది, గొంతు వచ్చేది కాదు. ఒక్కసారి మాత్రం, కాలిమీద రాయి పడినప్పుడు, చిన్న కేక వచ్చింది. కట్టు కడుతూ తల్లి సంతోషపడింది. తర్వాత ఆ సంతోషానికి సిగ్గుపడింది.

కేకేయాల్సిన రోజు కోట గుమస్తా గోడకెదురుగా ఉన్న రాతిపలక చూపించాడు. "ఎక్కి, నీ పేరు నువ్వే గట్టిగా పిలువు."

చూడవచ్చినవాళ్లలో తల్లి పనిచేసే ఇళ్లవాళ్లూ ఉన్నారు. పిల్ల వాళ్లను చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెదాలు కదిపింది. గోడ దాకా చేరేంత శబ్దమే పుట్టలేదు.

గుమస్తా చెడ్డవాడేం కాదు, కాసేపు ఆగాడు. "అయిందా?" అన్నాడు. పిల్ల తలూపింది. ఆయన కలం తీశాడు.

"అయ్యా, అది అరవలేదు. గోడకు వినిపిస్తే కదా పలికేది," అన్నాడు సున్నపాయన.

"గోడకేం వినిపించిందో నాకేం తెలుసు నాయనా? పలికిందా లేదా, అంతే రాస్తాను."

తిరిగొస్తుంటే పిల్ల తండ్రి వేలు పట్టుకుంది. "అంతమంది ఉన్నా నా గొంతు ఎవరికీ వినపడలేదు కదూ నాన్నా?" అంది, మెచ్చుకుంటాడని.

తల్లి రెండడుగులు వెనకబడింది.

"లేదమ్మా," అన్నాడు. "ఎవరికీ వినపడలేదు."

ఆ తర్వాత ఇంకో పద్దెనిమిదేళ్లు ఆయన ఆ గోడకే సున్నం వేశాడు. రాతిపలక ఎదుటి భాగం వచ్చినప్పుడు మాత్రం కుంచె ఇంకొకరి చేతికిచ్చేవాడు.