ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు

తొంభైల మొదట్లో కర్ణాటకలోని దేవసూగూరు దగ్గర ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేశాను. కిటికీలోంచి థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనపడేవి. ఆ రోజుల్లో ఎవరికి దగ్గొచ్చినా, ఇంట్లో అన్నం మాడినా, నేరం ప్లాంటు బూడిదదే. నేనూ ఆ మందలోదాన్నే. రాయచూరు పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, దేవసూగూరు క్వార్టర్సులో ఒంటరిగా ఉండేదాన్ని. డ్యూటీ అయ్యాక మాట్లాడేందుకు గోడలు తప్ప ఎవరూ లేరు. అందుకేనేమో, రోగులతో మరీ ఎక్కువ మాట్లాడతానని డాక్టరుగారు విసుక్కునేవారు. సుజాత కేసులో మాత్రం అడగవలసిన ఒక్క మాట అడగలేదు.

సుజాతకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తల్లి పోయి రెండేళ్లు. తండ్రి నర్సప్ప ప్లాంటులో కాంట్రాక్టు కూలి. పిల్లకు వీజింగ్, అంటే గాలిదారులు ఇరుకై ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి శబ్దం. నెలలో సగం రోజులు బడికి పోవడం లేదు. ఇట్లాగే ఉంటే పరీక్షకు కూర్చోనివ్వబోమని, మళ్లీ నాలుగులోనే ఉంచుతామని టీచరమ్మ కబురు పెట్టింది.

ఆయాసం ఎంతుందో చూడటానికి నాకో పద్ధతి ఉంది. పిల్లల చేత వాళ్ల పుస్తకమే పైకి చదివించి, ఒక్క ఊపిరికి ఎన్ని మాటలు వస్తాయో చూస్తాను. సుజాత కన్నడ పాఠం తెరిచి నాలుగు మాటలు చదివి ఆగింది. మళ్లీ నాలుగు. డాక్టరుగారు మందులు రాశారు. బూడిద లోపలికి రాకుండా కిటికీలు గట్టిగా మూసుకోమని నేనో సలహా చేర్చాను.

మూడు వారాల తర్వాత వస్తే ఆ నాలుగు మాటలు రెండయ్యాయి.

మనసు ఊరుకోక ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది. నా మాట మీద గౌరవంతో కిటికీ సందులకు గోనెగుడ్డలు కూడా కుక్కారు. సుజాత ఆగి ఆగి పాఠం చదువుతోంది. పక్కనే నర్సప్ప గోడకు ఆనుకుని, బీడీ కాలుస్తూ వింటున్నాడు. నా కళ్లు మండాయి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ప్లాంటు పొగగొట్టాన్ని చూశాను గానీ, ఇంట్లో పొగ ఎవరు తాగుతారని అడగలేదు. అడగకపోగా ఆ పొగ బయటికి పోయే దారి కూడా మూయించాను.

తప్పు నాదని ముందు ఒప్పుకున్నాను. తర్వాత సెకండ్‌హ్యాండ్ స్మోక్ సంగతి చెప్పాను: ఒకరు తాగి వదిలిన పొగ పక్కవాళ్లు పీల్చడం, అది పిల్లల ఊపిరితిత్తులను త్వరగా దెబ్బతీయడం.

"తాగేటోన్ని నేను గద సిస్టరమ్మా, బిడ్డకెట్ల తగుల్తది?" అన్నాడు. మళ్లీ తనే, "నాకు సదువు రాదు. దినమంతా పని చేసొచ్చి గిట్ల కూసున్నంక, ఇది సదువుతుంటే ఇంట్ల మనుషులున్నట్టుంటది" అన్నాడు.

ఆ రోజు నుంచే కిటికీ తెరుచుకుంది, బీడీ వీధిలోకి మారింది. కొన్ని నెలలకు బీడీయే పోయింది. మధ్యలో రెండుసార్లు తప్పానని తనే చెప్పుకున్నాడు. సుజాత రోజూ బడికి వెళ్లి, పరీక్ష రాసి, ఐదో తరగతికి వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి వచ్చిన నర్సప్ప ముఖంలో సంతోషం లేదు. "నేను బయట కూసున్న దినాలల్ల, మనసుల సదువుకునుడు అలవాటైంది దానికి. ఇప్పుడు లోపలికొచ్చి కూసున్నా ఏం ఇనపడదు" అన్నాడు.

అలాంటి నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. సుజాత చీటీ మీద మందుల కింద ఇలా రాశాను: రోజూ ఒక పేజీ పైకి చదవాలి, తండ్రి పక్కన కూర్చుని వినాలి, ఊపిరి చాలక ఎక్కడ ఆగిందో నెలనెలా వచ్చి నాకు చెప్పాలి. మందుల వరుసలో రాస్తే ఎవరూ కాదనరు.

మరుసటి నెల నర్సప్ప ఒక్కడే వచ్చాడు. ఎక్కడైనా ఆగిందా అని అడిగాను.

"ఒక్క తాన ఆగింది. దమ్ము చాలక గాదు. పాఠంల ఉన్న పిల్లకు తల్లి సచ్చిపోయిన కాడ. నేనూ ఏమనలే. జెర సేపటికి అదే మల్ల సదివింది."

చీటీలో 'బాగుంది' అని రాశాను.

ఆ తర్వాత దగ్గుతో పిల్లల్ని ఎవరు తీసుకొచ్చినా రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. ఇంట్లో పొగ ఎవరు తాగుతారు? తాగేటప్పుడు వాళ్ల పక్కన ఎవరు కూర్చుంటారు? మొదటిదానికి తల దించుకుని ఒక్క మాటలో చెప్పేవాళ్లు. రెండోదానికి మాత్రం చాలాసేపు చెప్పేవాళ్లు.