జతగా వచ్చే మాటలు

మొన్న ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో చిన్నమ్మాయి పరీక్ష కోసం ఇంగ్లిషు వల్లె వేస్తుంటే, "హై ఫీవర్, స్టిఫ్ నెక్" అన్న మాటలు చెవిన పడి, చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను.

పదో తరగతితో బడి ఆగిపోయిన నేను ఆ మాటలు నేర్చుకున్నది గ్రంథాలయంలో. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, జూలూరుపాడు దగ్గరి మా ఊరి నుంచి సైకిలు మీద పోయి, అట్ట ఊడిన ఒక పుస్తకాన్ని పట్టుకుని కూర్చునేవాణ్ణి. జబ్బు చెప్పుకునేటప్పుడు ఇంగ్లిషులో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో అందులో ఉండేది. మనకు తల పగిలిపోయినట్టే వాళ్లకూ తల చీలిపోతుందని చదివి, దేశాలు వేరైనా నొప్పి ఒకటే గదా అని మురిసిపోయాను. మా వదిన మాత్రం నవ్వేది. "దొరల రోగాలన్నీ నేర్చినవ్, మన రోగాలెప్పుడు నేరుస్తవ్ మరిదీ?"

ఆ వానాకాలం ఆమెకే జ్వరం పట్టుకుంది. అడవి అంచు ఊళ్లలో చలిజ్వరం ఏటా వచ్చే చుట్టమని నా ఈడు వాళ్లకు తెలుసు కనుక ఎవరమూ బెదరలేదు. మెడ పట్టేసిందంటే, "కట్టెల మోపు ఎత్తిన మెడ, గదే పోతది" అని అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. మర్నాటికి వదిన ఒడిలో పిల్లను వంగి చూసుకోలేకపోయింది.

అన్నయ్యా నేనూ ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చినవాడు, తెలుగు రాదు. అన్నయ్య జ్వరం, తలనొప్పి సైగలతో చెప్పాడు. మెడ సంగతి ఎత్తనేలేదు, అది మా లెక్కలో జబ్బు కాదు. ఆయన చలిజ్వరం మాత్రలు రాస్తున్నాడు. అప్పుడు ఆ పుస్తకంలో పక్కపక్కనే ఉన్న మాటలు, కలిసి వస్తే ఆలస్యం చేయరాదన్న హెచ్చరిక నా కళ్ల ముందు నిలిచాయి. హై ఫీవర్, సివియర్ హెడేక్, స్టిఫ్ నెక్ అన్నాను. కలం ఆగింది. ఆయన లేచి వచ్చి వదిన గడ్డాన్ని రొమ్ముకు ఆనించబోతే ఆమె కేక పెట్టింది. జ్వరం మెదడు పొరలకు పాకిందేమోనని ఆ పూటే పెద్దాసుపత్రికి పంపించారు.

వదిన బతికింది. వినికిడి మాత్రం ఆ జ్వరంతోనే పోయింది.

ఇప్పుడు మన భాషలో చెప్పుకున్న బాధను ఫోనే డాక్టరు భాషలో చెబుతుందట, మాట సాయం పోయే మనిషితో పనిలేదు. అన్ని మాటలు పోగేసిన నాకు, వాటితో దక్కిన మనిషికి ఒక్క మాటైనా వినిపించే దారి లేదు. కలిసినప్పుడల్లా ఎట్లా ఉన్నావని చేత్తో అడుగుతాను. ఆమె నవ్వి, గడ్డాన్ని మెల్లగా వంచి రొమ్ముకు ఆనించి చూపిస్తుంది.