దూపగొన్న థర్మామీటరు

నాజరు వెంకటనర్సు థర్మామీటరును ఎన్నడూ థర్మామీటరుగా చూడలేదు, సాక్షిగా చూశాడు. సాక్షి కనుక అనుమానించాడు. అనుమానించాడు కనుక, ఆ కచేరీ గోడలకు వేలాడే గాజుగొట్టాలన్నిటినీ రోజూ పొద్దున్నే క్రాసు పరీక్ష చేసేవాడు.

"గీ తూర్పు గోడ సాక్షి ఎండకు అమ్ముడువోయిండు," అనేవాడు. "ఉన్నదానికంటె ఎక్కువ చెప్తడు, తగ్గించి పట్టుకోవాలె. గా బీరువా పక్కనోడు అబద్ధమాడడు గని మందకొడి. బయట నిప్పులు కురిసి సల్లారినంక నోరిప్పుతడు."

నల్లగొండ జిల్లాలోని ఒక తాలూకా కచేరీ అది. సామాను, నీళ్లు, పంకాలు నాజరు పూచీ. వేసవిలో తాసీల్దారు గదికి వట్టివేళ్ల తడికెలు కట్టించి తడిపించడం కూడా ఆయన పనే. గదిలో వేడి నూరు ఫారన్‌హీటు డిగ్రీలు దాటితే తప్ప తడపరాదని పైనుంచి ఉత్తర్వు. ఆ ఉత్తర్వు గది అన్నదే గాని, థర్మామీటరును ఏ మూల, ఏ ఎత్తున తగిలించాలో చెప్పలేదు. శాసనంలోని ఆ ఖాళీలోనే వెంకటనర్సు కాపురం పెట్టాడు.

ఇంట్లోనూ అదే తంతు. భార్య ఆండాళు "పులుసు సల్లగైంది, తినుండ్రి" అంటే, "యాడ ముట్టి చూసినవ్? అంచుకా, నడుమనా?" అనేవాడు.

"నా తలకాయ మీద!"

"సాక్షి కోపం మీద ఉన్నది. వాంగ్మూలం చెల్లదు," అని తీర్పు చెప్పి పులుసులో వేలు పెట్టి, కాల్చుకునేవాడు.

హైదరాబాదులో లా చదివి కొత్తగా వచ్చిన వకీలు లింగస్వామికి మాత్రం ఈ వినోదం ఒంటికి పడేది కాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలమది. అతని చేతిలో పుల్లమ్మ కౌలు కేసు ఉంది. ఆమె కుటుంబం తరతరాలుగా దున్నుతున్న చెలకను పటేలు గుంజుకోజూస్తున్నాడు. కిందటి వాయిదాకు పుల్లమ్మ పొద్దున్నుంచీ కచేరీ ముందే కూర్చుంది. దూపైంది. కచేరీ బావిలో చేద వేయనివ్వలేదు. ఆమె కులం అలాంటిదన్నారు. వాగులో చెలిమె దాకా నడిచి, తాగి వచ్చేలోగా పిలుపు అయిపోయింది. మనిషి హాజరు లేదని కేసు కొట్టేశారు. లింగస్వామి నానా తంటాలు పడి దాన్ని తిరిగి నిలబెట్టాడు. ఈసారి పిలిచినప్పుడు ఆమె పలకకపోతే చెలక పటేలుదే.

ఇంతలో వెంకటనర్సు మరో అఘాయిత్యం చేశాడు. గదిలోకి పోయే గాలి వరండాదే కనుక అసలు సాక్షిని వరండాలోనే పట్టాలని, అక్కడా తడికెలు కట్టించి, వాటి చాటున రెండు థర్మామీటర్లు వేలాడదీశాడు. ఒకదాని బుడ్డికి గుడ్డ చుట్టి, గుడ్డ కొసను కొత్త కుండలోని నీళ్లలోకి వదిలాడు. గాలిలో తేమ ఎంతుందో అది చెబుతుందట. జవాను సోమన్న పూటపూటకూ కుండ నింపలేక మొత్తుకున్నాడు. "ఏం గొట్టమయ్యా ఇది! బర్రె తాగినట్టు తాగుతాంది!"

ఆ మాట చెవిన పడగానే లింగస్వామి నెత్తురు మరిగింది. వాయిదా నాడు పొద్దున్నే నేరుగా తాసీల్దారు ముందుకు వెళ్లాడు. "సర్, మనుషులు వాగు చెలిమెలకు పోతుంటే, ఈ కచేరీలో గాజుపుల్లకు కుండెడు నీళ్లా? ఇది ఏ న్యాయం?"

కోస్తా నుంచి బదిలీపై వచ్చిన తాసీల్దారు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "చూస్తానండీ," అన్నాడు.

పిలుపు వేళకు లింగస్వామి బయటికి వచ్చి చూస్తే మెట్ల దగ్గర పుల్లమ్మ లేదు. మళ్లీ వాగుకు పోయిందా? ఎండలో పరుగెత్తబోతుంటే తడికె చాటునుంచి కేకలు వినబడ్డాయి.

"గా కుండ ముట్టుకున్నదెవరే?" పటేలు మనిషి అరుస్తున్నాడు.

"ముట్టుకుంటె ఏమాయె?" వెంకటనర్సు అంతకంటే పెద్దగా అరుస్తున్నాడు. "అది మనుషుల కుండ అయితె గద కులం అడగాలె! థర్మామీటరుది. దానికి కులం గిలం లేదు. అవ్వా, నువ్వు తాగు. నీ ఒళ్లు సల్లబడకపోతె నా సాక్షి పక్కపొంటి వేడికి తప్పు చెప్తడు!"

లింగస్వామి తడికె వెనక్కి తొంగి చూశాడు. వకీళ్లెవరూ పోని ఆ మూలలో బెంచీ నిండా జనం. కుండ మీద గ్లాసు. గ్లాసు పుల్లమ్మ చేతిలో.

"చట్టం ఉన్నది కదా నాజర్ సాబ్! కేసు పెడుదుము. ఇంత నాటకం ఎందుకు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"చట్టం ఉన్నది వకీల్ సాబ్. చేదే లేదు. మీ కేసు తేలేదాక అవ్వ దూప ఆగుతదా?"

అప్పుడే వెనక నుంచి తాసీల్దారు గొంతు. "ఏమిటండీ నాజరు గారూ, మీ థర్మామీటరు గ్లాసుతో తాగుతుందా?"

వెంకటనర్సు గోడ వైపు తిరిగి బుడ్డికి చుట్టిన గుడ్డ సవరించసాగాడు. లింగస్వామి కోటు సర్దుకుని ముందుకు వచ్చాడు. "సర్, థర్మామీటరు తరఫున నేను హాజరవుతున్న."

"పొద్దున్న దాని మీద ఫిర్యాదు చేసింది మీరే కదండీ?"

"ఆ ఫిర్యాదు వాపసు తీసుకున్న. ఒకే వకీలు రెండు పక్షాల తరఫున నిలవరాదు సర్; నేను గాజు పక్షం ఎంచుకున్న. ఉత్తర్వు వేడిని కొలవమన్నది. చుట్టూ కూర్చున్నవాళ్ల ఒంటి వేడి సాక్షిని చెడగొడుతుంది. సాక్షిని చెడగొట్టడం నేరం. కనుక వీళ్లందరినీ చల్లబరచడం కచేరీ విధి."

తాసీల్దారు కుండను చూశాడు. గ్లాసును చూశాడు. పుల్లమ్మను చూశాడు. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. సోమన్న గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు.

"పుల్లమ్మా... హాజర్!"

"ఉన్న సారూ! ఈడనే ఉన్న!" గ్లాసు చేత్తోనే పుల్లమ్మ లోపలికి నడిచింది.

ఆ తొలకరికి ఆ చెలకలో ఆముదాలు విత్తింది ఆమే. తీర్పు చెప్పిన నాడు తాసీల్దారు నాజరును పిలిపించి, నవ్వకుండా అన్నాడు. "కచేరీకొచ్చే జనం బండ్లు విప్పే చింతచెట్ల కింద కూడా ఒక సాక్షిని పెట్టించండి. పెద్ద కుండే కావాలేమో."

వెంకటనర్సు అంతకంటే గంభీరంగా తల గోక్కున్నాడు. "పెడ్త సర్. గని చింతల కింద సాక్షి ఉత్త నీళ్లు ముట్టడు. జర బెల్లం కూడ మంజూరు చేయుండ్రి."