పాలపొడి డబ్బాలో ఫిల్టరు

నా చిన్నప్పుడు నన్ను నమ్మి ఎవరైనా ఏదైనా అప్పగించారంటే అది చింతపండు పొట్లమో, ఇంటి తాళంచెవో అయ్యుండేది. కారు ఫిల్టరు అప్పగించింది మాత్రం పక్కింటి అక్క ఒక్కతే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మా దీవిలోని బ్రూక్షాబాద్‌లో మా రెండిళ్లకూ మధ్య గోడ లేదు. అక్క వాళ్ల నాన్నగారు అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. పక్షవాతం వచ్చి ఆయనకు మాట, కుడిచెయ్యి పడిపోయాక ఆ బండి రెండేళ్లపాటు రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది. అక్క పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. ఇక టాక్సీ తనే నడుపుతానంది. కానీ వచ్చే సోమవారం బండిని రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి పరీక్ష చేయించకపోతే పర్మిట్ రద్దయిపోతుంది. బండేమో స్టార్టయిన రెండు నిమిషాలకే ఆగిపోతోంది.

మెకానిక్ భయ్యా పాత పెట్రోలు ఫిల్టరు విప్పి కోసి చూపించాడు. లోపలి కాగితం నిండా తుప్పు, బురద ముద్దలా పేరుకుపోయి ఉంది. కొత్తది మద్రాసు నుంచి ఓడలో తెప్పించారు. వచ్చింది ఒక్కటే. అది పాడైతే సోమవారంలోపు ఇంకో ఓడ లేదు.

ఓడ దిగిన సామాను ఆ పూటే బిగించకపోతే మా దీవులవాళ్లకు అన్నం సయించదు. ‘ఇప్పుడే బిగించేద్దాం దీదీ, మిగతాది బాద్ మే చూసుకుందాం’ అన్నాడు భయ్యా. అక్క ఒప్పుకోలేదు. తుప్పు పుట్టింది టాంకులోనైతే కొత్త ఫిల్టరు మాత్రం ఎన్నాళ్లు ఉంటుందని ఆమె వాదన. వాళ్ల నాన్నగారి పాత తెల్ల పంచె చింపి గుడ్డలు చేసింది. ఫిల్టరును ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

‘టాంకు కడిగిన పెట్రోలు ఈ గుడ్డలోంచి పోస్తాం. గుడ్డ తెల్లగా వచ్చినదాకా దీన్ని ఎవలడిగినా ఇవ్వకు. ఆఖరికి నానే వచ్చి అడిగినా ఇవ్వకు’ అంది.

టాంకు దింపి, గుప్పెడు గులకరాళ్లు, కొంచెం పెట్రోలు పోసి రోజూ ఊపేవాళ్లు. వంపిన పెట్రోలును గుడ్డలో వడకట్టి, ఆ గుడ్డను పెరట్లో తీగమీద ఆరేసేది అక్క. మొదటిది కాఫీ రంగు, తర్వాతది ఇటుక రంగు, ఆ తర్వాతది లేత టీ రంగు. నేను డబ్బాను బడికి కూడా మోసుకెళ్లాను. రాత్రి దిండు పక్కనే పెట్టుకుని పడుకున్నాను. భయ్యా చాక్లెట్ ఆశ చూపించాడు. మా అమ్మ అడిగి చూసింది. ఎవరికీ లొంగలేదు.

ఆదివారం సాయంత్రం వడకట్టిన గుడ్డ మీద ఇంకా సన్నటి ఎర్ర చార ఉంది. పొద్దు దిగిపోతోంది. అప్పుడు అడిగింది ఎవరనుకున్నారు? అక్కే. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకినట్టు, చాల్లే ఇచ్చెయ్యమంది. నేను డబ్బాను కడుపుకు అదుముకున్నాను.

‘ఇలాగివ్వే. రేపు పర్మిట్ పోతే మా ఇల్లు నువ్వు నడుపుతావేటి?’ అని కసిరింది.

‘నువ్వడిగినా ఇవ్వొద్దన్నావు కదక్కా’ అన్నాను. అనేసి ఏడ్చాను. అక్కంటే నాకు ప్రాణం. ఆమె బండి ఆగిపోతే అది నా మూలానే అవుతుందని భయం వేసింది. అయినా మూత తియ్యలేదు.

వరండాలో కుర్చీలో కూర్చున్న అక్క వాళ్ల నాన్నగారు అంతా చూస్తున్నారు. ఎడంచేత్తో తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి అక్క వైపు విసిరారు. అక్క దాన్ని అందుకుంది. టాంకులో మళ్లీ పెట్రోలు పోసి ఊపి, ఆ తువ్వాల్లోంచి వడకట్టింది.

ఈసారి తువ్వాలు మీద మరక పడలేదు. నేను మూత తీసి రెండు చేతులతో డబ్బా అందించాను. అక్క ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉందో లేదో నన్నే చూసి చెప్పమని, అప్పుడు బిగించింది.

సోమవారం పొద్దున అంబాసిడర్ ఎక్కడా ఆగకుండా ఎత్తులన్నీ ఎక్కింది. ముందు సీట్లో నేను. పరీక్షలో నెగ్గి తిరిగొచ్చాక అక్క వీధిలో అందరూ వినేలా, నిన్న తను తప్పు చెయ్యబోతే ఆపింది ఈ పిల్లేనని చెప్పింది. పెద్దవాళ్లు తమ తప్పు అలా నలుగురిలో ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆ రోజు నా గర్వానికి మా వీధి చాలలేదు.

పెద్దయ్యాక ఓడల మరమ్మతు యార్డులో స్టోర్‌కీపర్‌నై ముప్పై ఏళ్లు పనిచేశాను. ముందు సామానిచ్చెయ్యి, తనిఖీ తర్వాత చేద్దామని పెద్ద పెద్దవాళ్లు వచ్చి అడిగేవారు. నేనిచ్చేదాన్ని కాదు. మొండిఘటం అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే నాకు లోలోపల సంతోషంగానే ఉండేది.

అక్క ఆ తువ్వాలు ఉతికి, రెండుగా చింపి, సగం నాకిచ్చింది. ఇప్పుడు మేముండే గరాచర్మ అనే ఊళ్లో, మా ఇంటి బీరువాలో అది ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లకు పసుపు తిరిగింది. మా మనవరాలు దాన్ని చూసి ఇది తెల్లగుడ్డేమిటి అమ్మమ్మా అంటుంది. నేను డబ్బా మూత తీసిన రోజున అది తెల్లగానే ఉందని చెబుతాను.